వద్దన్నదీ నేనే, రమ్మన్నదీ నేనే

(ఏఎన్ఎంగా, అంటే ఊళ్లు తిరిగే నర్సుగా చేరి, హెల్త్ సూపర్‌వైజర్‌గా రిటైరైన ఒక ఆరోగ్య ఉద్యోగి నర్సింగ్ విద్యార్థినులతో మాట్లాడిన మాటలకు అక్షర రూపం)

అందరికీ నమస్కారం. కూర్చోండమ్మా, కూర్చోండి. నేను వస్తే లేచి నిలబడే అలవాటు మా ఇంట్లోనే ఎవరికీ లేదు.

ముందుగా ఒక సంగతి ఒప్పుకుంటాను. ముప్పై ఎనిమిదేళ్లు ఊళ్లు తిరిగాను, ఎన్ని వేల మందికి సూదులు వేశానో లెక్క లేదు. కానీ నాకు ఎవరైనా సూది వేస్తుంటే ఇప్పటికీ మొహం పక్కకి తిప్పేసుకుంటాను. మొన్న షుగర్ పరీక్షకని రక్తం తీసిన కుర్రాడు "ఏం కాదు పెద్దమ్మా, చీమ కుట్టినట్టుంటుంది" అన్నాడు. ఆ మాట నేను ఎంతమందికి చెప్పానో! చీమ కుట్టినట్టేమీ ఉండదు. సూది గుచ్చినట్టే ఉంటుంది. (నవ్వులు)

మీ మేడమ్ నాకిచ్చిన అంశం "గర్భిణులు, ఇతర బలహీన వర్గాల వాళ్లు టీకాలకు ఎందుకు వెనకాడతారు" అని. ఆ 'వెనకాడతారు' దగ్గరే నాకు కాస్త పేచీ. ఆ మాట వినగానే మన కళ్లముందు ఒక మనిషి నిలబడుతుంది. చదువు లేని ఆవిడ, తాయెత్తు కట్టుకున్న ఆవిడ, నర్సు కనిపిస్తే తలుపేసుకునే ఆవిడ. నా సర్వీసులో నేను చూసిన మనిషి వేరు. ఒక టీకాకి నేను అడక్కుండానే జాకెట్టు చెయ్యి పైకి మడిచి కూర్చుంటుంది. రెండు నెలలకి ఇంకో టీకా తీసుకుని వెళ్తే పెరటి గుమ్మంలోంచి జారుకుంటుంది. అదే మనిషి, అదే నర్సు, అదే చెయ్యి. రెండు నెలల్లో ఆవిడ చదువు తగ్గిపోదు కదా. మరి ఏం మారింది?

మొదటి టీకాతో మొదలుపెడతాను.

1984లో నాకు ఖమ్మం జిల్లాలో పోస్టింగ్ వచ్చింది. మరుసటి ఏడు వానాకాలం, ఒక ఊళ్లో కాన్పయిన ఆరో రోజున కబురొచ్చింది. పిల్లాడు పాలు పట్టడం లేదని. నేను వాగు దాటి వెళ్లేసరికి మధ్యాహ్నమైంది. పిల్లాడు పుట్టినప్పుడు బాగానే ఏడ్చాడట, మూడు రోజులు బాగానే తాగాడట. నేను చూసేటప్పటికి దవడ బిగుసుకుపోయి ఉంది. మొహం మీద ఈగ వాలితే చాలు, ఒళ్లంతా విల్లులా వంగిపోతోంది. బొడ్డు కోసింది కొడవలితో. పైన బూడిద అద్దారు. మంత్రసానిని తిట్టడానికి నాకు నోరు రాలేదు, ఆవిడ ఆ మూలన కూర్చుని తల్లికంటే ఎక్కువ ఏడుస్తోంది. ఆవిడకి తెలిసిన శుభ్రం అదే.

దాన్ని ధనుర్వాతం అంటారు, మీరు పుస్తకంలో టెటనస్ అని చదివారు. మీలో ఎవరూ నవజాత శిశువులో దాన్ని చూసి ఉండరు. అప్పట్లో మన దేశంలో ఏడాదికి లక్షన్నర నుంచి రెండు లక్షల మంది పసికందులకు వచ్చేది. తల్లికి కడుపుతో ఉన్నప్పుడే నెల తేడాతో రెండు టీటీలు, అంటే టెటనస్ టీకాలు, వేస్తే ఆమె ఒంట్లో తయారైన రక్షణ మాయలోంచి బిడ్డకి చేరుతుంది. సూది అమ్మకి, కాపలా బిడ్డకి. ఆ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

మరి టీటీకి జనం పరిగెత్తుకుంటూ వచ్చారా అంటే, రాలేదు. "ఇది పిల్లలు పుట్టకుండా చేసే సూదట కదా" అని అడిగేవాళ్లు. ఎమర్జెన్సీ రోజుల్లో బలవంతపు ఆపరేషన్లు జరిగి అప్పటికి పదేళ్లు కూడా కాలేదు. సర్కారు మనిషి సూది పట్టుకుని వచ్చిందంటే జనం అనుమానించడంలో వింతేముంది? తర్వాత ఉత్తరప్రదేశ్‌లో పోలియో చుక్కల మీద లేచిన పుకారు కూడా అదే, పిల్లలు పుట్టరని. ఇలాంటి పుకార్లు ఊరికే గాల్లోంచి పుట్టవు. ఎప్పుడో ఎక్కడో తగిలిన దెబ్బ ఒకటి అడుగున ఉంటుంది.

టీటీని నిలబెట్టింది పోస్టర్లు కాదమ్మా. ప్రతి కాన్పుకీ అదే నర్సు రావడం, బుధవారం అంటే బుధవారమే రావడం, కడుపు చూసి, బరువు చూసి, ఐరన్ మాత్రలిచ్చి, వాటితోపాటే సూది వేసి వెళ్లడం. అలా పదీ పదిహేనేళ్లు నడిచాక అది కాన్పులో ఒక భాగమైపోయింది. ఇప్పుడు ఊళ్లలో వినండి. "టీటీ వేయించుకుంటావా?" అని ఎవరూ అడగరు. "టీటీ అయిందా?" అని అడుగుతారు. ఆ రెండు ప్రశ్నల మధ్య ఉన్న దూరం దాటడానికి మాకు పదిహేనేళ్లు పట్టింది.

2003లో, తల్లీబిడ్డల ధనుర్వాతాన్ని నిర్మూలించిన రాష్ట్రంగా దేశంలో మొట్టమొదట గుర్తింపు వచ్చింది మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కే. దేశం మొత్తానికి 2015లో వచ్చింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత లెక్కల్లో, చివరి కాన్పుకి ఈ రక్షణ ఉన్న తల్లులు నూటికి 92 మంది. వాళ్లంతా చదువుకున్నవాళ్లా? కాదు. వాళ్లందరికీ ఆ టీకా ఎలా పనిచేస్తుందో తెలుసా? తెలీదు. మన రాష్ట్రాల్లో ఇప్పుడు వేసేది అసలు టీటీ కూడా కాదు, డిఫ్తీరియా అంటే కంఠసర్పి మందు కూడా కలిపిన టీడీ. ఆ పేరు మారిన సంగతే సగం మందికి తెలీదు. అందరూ టీటీ అనే అంటారు, నాతో సహా.

ఇక రెండో టీకా. 2021.

జనవరి 16న కరోనా వ్యాక్సిన్ మొదలైంది. ముందు మనకే, ఆరోగ్య సిబ్బందికి. మా పరిధిలో ఒక ఆశా కార్యకర్త అప్పుడు నాలుగో నెల. లైన్లో నా ముందే నిలబడింది. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు వేయొద్దని ఆర్డర్లు. పక్కన నిలబెట్టాం. మే నెలలో పద్దెనిమిదేళ్లు దాటిన వాళ్లందరికీ మొదలైనప్పుడు, టేబుల్ దగ్గర కూర్చుని ప్రతి ఆడపిల్లనీ అడిగింది నేనే. "నెల తప్పావా? అయితే నీకు వద్దు, ఇంటికెళ్లు." మే 19న బాలింతలకు వేయొచ్చన్నారు. జూలై 2న గర్భిణులకు కూడా వేయొచ్చన్నారు. ఆ వారమే నేను అదే సంచీ, అదే ఐస్ డబ్బా పట్టుకుని ఆ ఇళ్లకే వెళ్లాను. "అమ్మా, వ్యాక్సిన్ వేయించుకోవాలి, రండి."

ఒక అమ్మాయి, ఆరో నెల, గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది. తలెత్తలేదు. "నువ్వే కదమ్మా మొన్న వద్దన్నావు? అప్పుడు ప్రమాదం, ఇప్పుడు మంచిదైందా?" అంది.

నా దగ్గర జవాబు ఉంది. చెప్పడమే రాలేదు.

జవాబు ఏమిటంటే, ఆ టీకాని మొదట పరీక్షించినప్పుడు గర్భిణుల్ని ఎక్కడా చేర్చుకోలేదు. మందుల లోకంలో అది పాత భయం. 1950ల చివర్లో వేవిళ్లకని థాలిడోమైడ్ అనే మాత్ర చాలా దేశాల్లో అమ్మారు. 1961లో దాన్ని ఆపేసే లోపల పది వేలమందికి పైగా పిల్లలు కాళ్లూ చేతులూ సరిగా లేకుండా పుట్టారు. అప్పటినుంచి కడుపుతో ఉన్నవాళ్లని పరీక్షల జోలికి రానివ్వకపోవడం ఒక ఆనవాయితీ. వాళ్ల మంచికేనన్నారు. దాని ఫలితం చూడండి. పరీక్షల్లో లేరు కాబట్టి సమాచారం లేదు, సమాచారం లేదు కాబట్టి టీకా లేదు. ఈలోగా జబ్బు మాత్రం వాళ్ల కోసం ఆగలేదు. 2021 జూన్‌లో ఐసీఎంఆర్, అంటే భారత వైద్య పరిశోధన మండలి, కరోనా సోకిన 1,530 మంది గర్భిణులు, బాలింతల లెక్కలు బయటపెట్టింది. మొదటి వేవ్‌లో చనిపోయినవాళ్లు 0.7 శాతం. రెండో వేవ్‌లో 5.7 శాతం. అప్పటికి అమెరికాలో టీకా వేయించుకున్న వేలమంది గర్భిణుల సమాచారం కూడా వచ్చింది, భయపడాల్సిన సూచనలేవీ అందులో కనపడలేదు. అందుకే మాట మార్చారు. మార్చడం న్యాయమే. నేను అడిగేది ఒకటే. మే నెలలో ఆ అమ్మాయికి "ప్రమాదం" అని కాకుండా "ఇంకా పరీక్షించలేదు, తేలాక చెబుతాం" అని ఉంటే జూలైలో నా మొహం అంత చిన్నబోయేది కాదు కదా? మాకు అలా చెప్పమని ఎవరూ చెప్పలేదు. మాకూ తట్టలేదు.

మీరు రేపు ఉద్యోగాల్లో చేరతారు. ఆర్డర్లు మారుతూనే ఉంటాయి. పైన ఆఫీసులో సంతకం పెట్టినవాళ్లెవరో ఊళ్లో ఎవరికీ తెలీదు. వాళ్లకి తెలిసింది మీ మొహం.

సరే, ఇంకో ముఖ్యమైన సంగతి. ఆ చిక్కుడుకాయల అమ్మాయి చివరికి వేయించుకుందా? చెబుతాను. తను నెలనెలా టౌన్లో ఒక ప్రైవేటు డాక్టర్‌కి చూపించుకునేది. మంచి డాక్టరే, నాకూ తెలుసు. "ఆవిడ్ని అడిగి చెబుతా" అంది. తిరిగొచ్చాక వెళ్లాను. "ఏమన్నారమ్మా?" అన్నాను. "వద్దన్నారు" అంది. నాకు నమ్మకం కుదరక ఫోన్ చేశాను. డాక్టరమ్మ నవ్వి, "అయ్యో, నేనెందుకు వద్దంటాను? వేయించుకోవచ్చు, మీ ఇష్టం అన్నాను" అంది.

విన్నారా? 'మీ ఇష్టం.'

మన భాషలో ఆ మాటకున్న బరువు చూడండి. పెళ్లి సంబంధం చూసొచ్చాక పెద్దాయన "మీ ఇష్టం" అన్నాడంటే ఆ సంబంధం వదులుకున్నట్టే. కొడుకు బండి కొంటానంటే తండ్రి "నీ ఇష్టం" అన్నాడంటే కొనొద్దని. డాక్టర్ గారి నోట ఆ మాట వస్తే, దానికి అర్థం 'నా పేరు రానీకండి' అని. డాక్టరు తన ఉద్దేశంలో గౌరవంగానే మాట్లాడింది, నిర్ణయం నీదేనని చెప్పింది. పేషెంటు చెవికి చేరేసరికి అది 'వద్దు' అయిపోయింది. గర్భిణుల టీకాల మీద ఏ దేశంలో చూసినా పదే పదే తేలే విషయం ఒకటుంది. తనని చూసే డాక్టరో నర్సో స్పష్టంగా "వేయించుకో" అని చెప్పారా లేదా అన్నదే అన్నిటికంటే ఎక్కువ పనిచేస్తుంది. ఆ అమ్మాయికి ఆ మాట దొరకలేదు. ఆ తర్వాత డాక్టరమ్మే ఫోన్లో "నా బిడ్డకైతే వేయిస్తాను, వెళ్లు" అని చెప్పింది. మర్నాడు పీహెచ్‌సీకి వచ్చింది.

ఆ మొదటి డోసు వేసేటప్పటికి ఏడో నెల దగ్గరపడింది. అది కోవిషీల్డ్. రెండో డోసుకి 84 రోజులు ఆగాలి. మీరే లెక్కేయండి. ఇటు తొలి కాన్పు. సీమంతం చేసి పుట్టింటికి తీసుకెళ్లారు, అది వేరే జిల్లా. మా రిజిస్టర్‌లో ఆవిడ 'గైర్హాజరు'. అక్కడి రిజిస్టర్‌లో ఆవిడ పేరే లేదు. మనం పైకి పంపిన రిపోర్టులో రెండో డోసు పడనివాళ్లలో ఒక అంకె. ఎవరైనా ఆ అంకె చూసి 'వెనకాడింది' అనుకుంటారు. పాపం, ఆ పిల్ల వెనకాడలేదు, పుట్టింటికి వెళ్లింది. టీడీ రెండో డోసు కూడా ఇలాగే జారిపోతుంది. నేను ఆ తర్వాతనుంచి కార్డు వెనక పుట్టింటి ఊరు, అమ్మ ఫోన్ నంబరు రాయించడం మొదలుపెట్టాను. ఏ ట్రైనింగ్‌లోనూ చెప్పలేదు. ముందే ఎందుకు చేయలేదా అని ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

ఇంకొకటి, కూలీ పని. జూలై, ఆగస్టు అంటే నాట్లు. ఆడవాళ్లు పదిమంది ముఠాగా చేరి ఎకరానికింత అని గుత్తకి ఒప్పుకుంటారు. పొద్దున్నే ఆటో ఎక్కేస్తారు. మన సెషను తొమ్మిదింటికి మొదలై నాలుగింటికి ముగుస్తుంది. వాళ్లు ఇంట్లో ఉండే వేళకి మనం ఉండం. పోనీ సాయంత్రం వేశామనుకోండి, మర్నాడు జ్వరం. ఒకరు పడుకుంటే ఆ వంతు నాట్లు మిగతా తొమ్మిదిమంది వేయాలి. వాళ్లు ఊరుకుంటారా? "నాట్లయ్యాక వేయించుకుంటానమ్మా" అంటే దాన్ని భయం అని రాసుకున్నాం మేము. రెండొందల యాభై, మూడొందల కూలీ పోతుందన్న లెక్కని భయం కింద రాసేశాం.

అడవిలోపల గొత్తికోయల గుంపులుంటాయి, ఛత్తీస్‌గఢ్ నుంచి వలస వచ్చినవాళ్లు. తెలుగు అంతంతమాత్రం. ఆధార్ చాలామందికి లేదు. గుర్తింపు కార్డులు లేనివాళ్లకీ వేయడానికి దారి చూపిస్తూ 2021 మే మొదటి వారంలో కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. అదే నెలలో సుప్రీంకోర్టు కూడా టీకాకి పేరు నమోదు చేసుకునే కోవిన్ యాప్ గురించి అడిగింది, స్మార్ట్‌ఫోన్ లేనివాళ్ల సంగతేమిటని. కాగితం మీద దారి పడింది. కానీ ఆ గుంపుకి నాలుగు కిలోమీటర్లు నడిచి వెళ్లాలి, ఐస్ డబ్బా మోసుకుని. వెళ్లాక అక్కడ కోయ భాష వచ్చినవాళ్లు ఉండాలి. మాతో ఒక ఆశా ఉండేది, కోయ అమ్మాయి. తను ఉన్న రోజు ముప్ఫై మంది వచ్చారు. తను లేని రోజు నలుగురు. అంతకంటే చెప్పేదేముంది.

ముసలివాళ్ల గురించి కూడా రెండు మాటలు. "ఇంకెన్నాళ్లు బతుకుతామమ్మా, ఆ సూదేదో కుర్రాళ్లకి వేయండి" అనేవాళ్లు. నిజంగా వద్దని కాదు. టీకా కోసం ఆటోలో ఎక్కించుకుని వెళ్లి తీసుకురావడానికి కొడుకు ఒక రోజు పని మానుకోవాలి, ఆ సంగతి నోటితో చెప్పలేక అలా అనేవాళ్లు. 2021 నవంబరులో 'హర్ ఘర్ దస్తక్' అని ఇంటింటికీ వెళ్లమన్నప్పుడు ఆ ముసలివాళ్లే మంచం మీద కూర్చుని చెయ్యి చాపారు.

ఇదంతా పల్లెటూళ్ల బాధే అనుకోకండి. మా అక్క కూతురు ఇంగ్లండ్‌లో ఉంటుంది, ఇంజనీరు. తనూ అప్పుడు కడుపుతోనే ఉంది. ఫోన్ చేసి "పిన్నీ, నెట్‌లో ఒకడు వద్దంటున్నాడు, ఒకడు వేసుకోమంటున్నాడు, నువ్వు చెప్పు" అంది. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. అక్కడ ఏప్రిల్‌లోనే గర్భిణులకు అనుమతి ఇచ్చారు. అయినా చాలామంది ఆగిపోయారు. 2021 అక్టోబరులో అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ చెప్పిన మాట, జూలై నుంచి ఎక్మో అనే యంత్రం మీద పెట్టాల్సి వచ్చిన కరోనా పేషెంట్లలో దాదాపు అయిదుగురిలో ఒకరు టీకా వేయించుకోని గర్భిణి. ఎక్మో అంటే ఊపిరితిత్తుల పని యంత్రం చేయడం, అన్నిటికంటే చివరి దారి.

అదే అమ్మాయి కోరింత దగ్గు టీకా మాత్రం ఒక్క ప్రశ్న అడక్కుండా వేయించుకుంది. అదేంటే అంటే, "అది ఇక్కడ అందరికీ వేస్తారు పిన్నీ" అంది. 2012లో ఇంగ్లండ్‌లో కోరింత దగ్గు విజృంభించి 14 మంది పసిపిల్లలు చనిపోయారు. ఆ ఏడు అక్టోబరు నుంచి గర్భిణులకు ఆ టీకా ఇవ్వడం మొదలెట్టారు. సూది అమ్మకి, కాపలా బిడ్డకి. మనకి టీటీ ఎలాగో వాళ్లకి అది అలాగ. ఇంజనీరైనా, నాట్లేసే అమ్మాయైనా చూసేది ఒకటే, ఇది అందరూ వేయించుకునేదా, నాకు ప్రత్యేకంగా తెచ్చిందా అని.

ఇప్పుడు నాకు చెప్పడం కష్టమైన సంగతి చెబుతాను. కాస్త నీళ్లివ్వు తల్లీ.

2009 జూలైలో మన ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేశారు. గర్భాశయ ముఖద్వార కేన్సర్ రాకుండా వేసే టీకా. అమెరికాకి చెందిన పాత్ అనే సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన ప్రాజెక్టు. గుజరాత్‌లో వడోదరలో కూడా చేశారు. మన దగ్గర సుమారు 14 వేల మంది పిల్లలు. వాళ్లలో చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో ఉండే గిరిజన పిల్లలు. రెండు చోట్లా కలిపి ఏడుగురు అమ్మాయిలు చనిపోయారు. గొడవైంది. 2010 ఏప్రిల్‌లో కేంద్రం ఆపేసింది. విచారణ చేశారు. ఒకమ్మాయి నీళ్లలో మునిగి పోయింది, ఒకమ్మాయి పాము కాటుతో, ఇద్దరు పురుగులమందు తాగి, ఒకమ్మాయి మలేరియాతో. మిగతా ఇద్దరి విషయంలో కారణం అంత గట్టిగా తేలలేదు గానీ, టీకా వల్లనే అనడానికి ఆధారం కనపడలేదన్నారు. నా మటుకు నేను ఆ మాట నమ్ముతాను. ఆ టీకా మంచిదని కూడా నమ్ముతాను. మా చెల్లెలి మనవరాలికి డబ్బులిచ్చి వేయించాను.

కానీ సమ్మతి పత్రాల సంగతి చూడండి. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం నివేదిక ఇచ్చింది. మన రాష్ట్రంలో చూసిన 9,543 పత్రాల్లో 2,763 మీద సంతకం పెట్టింది హాస్టల్ వార్డెన్లు. 1,948 మీద వేలిముద్రలు. ఆ పిల్లల తల్లిదండ్రులు బతికే ఉన్నారు, పక్క ఊళ్లలోనే ఉన్నారు. అడగాలంటే ఒక ఆదివారం సరిపోయేది.

నేను ఆ మూడు మండలాల్లో లేను, పక్క మండలంలో ఉన్నాను. నాకేం సంబంధం అనుకున్నాను. పన్నెండేళ్ల తర్వాత సంబంధం వెతుక్కుంటూ వచ్చింది. 2009లో పన్నెండేళ్లున్న పిల్లకి 2021లో ఎంత వయసు? ఇరవై నాలుగు. పెళ్లయింది, కడుపుతో ఉంది, మా మండలానికి కోడలుగా వచ్చింది. నేను కరోనా టీకా గురించి నాకొచ్చిన ఉపన్యాసం అంతా చెప్పాను. ఓపిగ్గా విని, మంచినీళ్లిచ్చింది. "నాకు చిన్నప్పుడు హాస్టల్లో వేశారమ్మా ఒక సూది. ఎందుకో చెప్పలేదు. మా అమ్మని అడగలేదు. తర్వాత ఊరంతా అదేదో విషం సూది అన్నారు. మా అమ్మ సంవత్సరం పాటు నేను జ్వరమొచ్చి పడుకున్నప్పుడల్లా ఏడ్చింది. ఇప్పుడు నేను అమ్మనవుతున్నాను. నన్ను అడుగుతున్నారు కాబట్టి వద్దు అంటున్నాను" అంది.

నేను రికార్డులో ఆ పిల్ల పేరు ఎదురుగా 'నిరాకరించింది' అని రాశాను. ఇంటికొచ్చాక ఆ మాట నన్ను తినేసింది. ఆ కాలమ్‌లో కారణం రాయడానికి రెండు అంగుళాల జాగా ఉంది. ఏం రాయాలి? అపోహ అని రాయనా? అడిగితే కాదనే హక్కు ఆ పిల్ల మొట్టమొదటిసారి వాడుకుంది. ఆ తర్వాత రెండుసార్లు వెళ్లాను, టీకా మాట ఎత్తకుండా బీపీ చూసి వచ్చాను. కాన్పయి మూడో నెలలో బిడ్డకి సూదులు వేయించడానికి తనే సబ్‌సెంటర్‌కి వచ్చింది. ఆ రోజే "నాది కూడా ఉంటే వేసేయండి" అంది. కడుపుతో ఉన్నన్నాళ్లూ మాత్రం ఏ రక్షణా లేకుండానే గడిచింది. ఏమీ కాలేదు, అది మా అదృష్టం. కాని ఆ నెలలు ఎలా గడిచాయో నాకు తెలుసు, ఆ ఊరి నుంచి ఫోనొస్తే చాలు టెన్షన్.

ఆ కాలంలోనే నేను ఇంకో పొరపాటు చేశాను, అది కూడా చెప్పకపోతే బాగుండదు. టార్గెట్లు ఇచ్చారు, రోజుకి ఇంతమంది అని. ఒక ఇంట్లో ఎంత చెప్పినా వినకపోతే విసుగొచ్చి, "వేయించుకోకపోతే రేషన్ ఆపేస్తారు, తర్వాత మీ ఖర్మ" అన్నాను. అలాంటి ఆర్డరేదీ లేదు. ఊరికే నోరు జారాను. ఆ ఇంటావిడ భయపడి వేయించుకుంది. నాకు ఒక అంకె పెరిగింది. ఆ తర్వాత ఏడాది వాళ్ల కోడలు నీళ్లోసుకుంటే అయిదో నెల దాకా నాకు తెలియనివ్వలేదు. రిజిస్టర్ చేయించుకోలేదు, రక్త పరీక్ష లేదు. హిమోగ్లోబిన్ ఏడున్నర, అంటే ఒంట్లో రక్తం బాగా తక్కువ. ఒక్క సూది సంపాదించి అయిదు నెలల చెకప్పులు పోగొట్టుకున్నాను.

ఇంక చాలు, మీ మేడమ్ గడియారం చూస్తున్నారు. (నవ్వులు) ఎవరైనా ఏదైనా అడగండి.

ప్రశ్న: మేడమ్, అత్తగారు వద్దంటే ఏం చేయాలి?

అత్తగారి దగ్గరే ముందు కూర్చోవాలి. మనం చేసే తప్పేమిటంటే కోడల్ని గదిలోకి తీసుకెళ్లి గుసగుసగా చెప్పడం. బయట ఆవిడకి ఒళ్లు మండుతుంది, మండదా మరి? నేనైతే ఆవిడ మోకాళ్ల నొప్పితో మొదలుపెడతాను. ఆవిడ బీపీ చూస్తాను. తర్వాత "మీ కాన్పులప్పుడు ఎలా ఉండేదత్తమ్మా" అని అడుగుతాను. ఆ తరం వాళ్లలో ఒక బిడ్డని పోగొట్టుకోని తల్లి అరుదు. ఆవిడే చెబుతుంది, ఆవిడే కోడల్ని పిలుస్తుంది. ప్రతిసారీ కాదులే, పదిలో ఆరుసార్లు.

ప్రశ్న: టీకా వేశాక నిజంగానే ఏదైనా జరిగితే? అప్పుడు మన మొహం ఎలా చూపించాలి?

ఆ రోజు తప్పకుండా వెళ్లాలి. ఫోన్ ఆఫ్ చేసుకోకూడదు. జ్వరం వస్తుందని ముందే చెప్పి, పారాసిటమాల్ ఎప్పుడు వేసుకోవాలో చెప్పి, రాత్రి పదింటికి ఒకసారి ఫోన్ చేస్తే సగం గొడవలు పుట్టవు. అంతకుమించి ఏదైనా అయితే మెడికల్ ఆఫీసర్‌కి చెప్పి, రిపోర్టు రాయించి, ఆస్పత్రికి నువ్వే వెంట వెళ్లాలి. ఖమ్మంలో పిల్లలు పోయినప్పుడు మొదటి వారంలోనే ఎవరో ఒకరు ఆ ఇళ్లకి వెళ్లి కూర్చుని ఉంటే, కథ అంత దూరం వెళ్లేది కాదేమో. అది నా అనుమానం మాత్రమే.

ప్రశ్న: మేడమ్, మా వదినకి తొమ్మిదో నెల. టీడీ ఒక్కటే వేశారు, రెండోది పుట్టింటికి వెళ్లినప్పుడు మిస్సయింది. ఇప్పుడు ముప్ఫై ఏడు వారాలు. ఇప్పుడు వేస్తే ఉపయోగం లేదని ఒకరన్నారు.

ఎవరన్నారు? వేయాలి. 36 వారాల లోపు వేస్తే మంచిదన్నారు గానీ, దాటితే వద్దని ఎక్కడా లేదు. అసలు ఒక్కటీ పడకుండా నొప్పులతో వచ్చినా వేయమనే ఉంది మన గైడ్‌లైన్స్‌లో. ఇవాళ ఏ వారం? మంగళవారమా? అయితే రేపు బుధవారం, సబ్‌సెంటర్ ఉంటుంది. ఆవిడ ఇప్పుడు ఏ ఊళ్లో ఉందమ్మా? మీటింగయ్యాక నా దగ్గరికి రా, వాళ్లమ్మ నంబరు తీసుకుని రా.